మాటకు ముందూ వెనుకా ఉండే ఖాళీలు

సభకు నమస్కారం.

ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టిన కొద్ది రోజులకే అందరికీ పరిచయమయ్యే పని, స్ట్రింగు (అంటే అక్షరాల వరుస) మొదట్లోనూ చివర్లోనూ ఉన్న ఖాళీలను తీసెయ్యడం. పైథాన్‌లో స్ట్రిప్ అనో, జావాస్క్రిప్ట్‌లో ట్రిమ్ అనో ఒక్క మాట రాస్తే పని జరిగిపోతుంది కనుక, దాని గురించి మళ్లీ ఆలోచించే సందర్భం చాలామందికి రాదు. అయితే ఆ ఒక్క మాటలో రెండు నిర్ణయాలు ఉన్నాయి. ఏయే అక్షరాలను ఖాళీగా లెక్కించాలన్నది ఒకటి. ఈ డేటాలో ఆ ఖాళీకి అర్థం ఉందా, లేదా అన్నది రెండోది. వీటిని మనం తీసుకోకపోతే మనం వాడే ప్రోగ్రామింగ్ భాష మన తరఫున తీసేసుకుంటుంది, అదీ ఒక్కో భాషలో ఒక్కో విధంగా. తెలుగు పాఠంతో పనిచేసేవారికి ఈ తేడా మరింత గట్టిగా తగులుతుంది.

ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణం వైట్‌స్పేస్ (ఖాళీ) అనే గుణాన్ని 25 అక్షరాలకు ఇచ్చింది. జావాలోని పాత ట్రిమ్‌కు ఈ లెక్కతో సంబంధం లేదు. సంఖ్య 32 (మామూలు స్పేస్) గానీ అంతకు తక్కువ గానీ ఉన్న ప్రతి అక్షరాన్నీ అది తీసేస్తుంది. 2018లో వచ్చిన జావా 11 దానికి తోడుగా స్ట్రిప్‌ను ఇచ్చింది. అది యూనికోడ్ ఖాళీలను చాలావరకు గుర్తిస్తుంది గానీ, 160వ సంఖ్య గల, తన దగ్గర వరుసను విరగనివ్వని నాన్ బ్రేకింగ్ స్పేస్‌ను మాత్రం వదిలేస్తుంది. పైథాన్ స్ట్రిప్ 160ని తీసేస్తుంది. అదే పైథాన్‌లో బైట్ల మీద స్ట్రిప్ పిలిస్తే ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాల పాత పట్టిక) ఖాళీలు తప్ప మరేవీ పోవు. ఎక్సెల్‌లోని ట్రిమ్ 32వ అక్షరాన్ని మాత్రమే ఎరుగును, పైగా మాటల మధ్య ఉన్న అదనపు ఖాళీలను కూడా ఒక్కటికి కుదించేస్తుంది. వెబ్ పేజీ నుంచి కాపీ చేసి అతికించిన పేర్ల జాబితాలో వీలుకప్ (జాబితాలో వెతికి పెట్టే ఎక్సెల్ ఫార్ములా) ఒక్క పేరును కూడా పట్టుకోలేకపోవడానికి తరచుగా కారణం ఆ 160వ అక్షరమే. ట్రిమ్ ఎన్నిసార్లు వేసినా అది కదలదు. ముందుగా సబ్‌స్టిట్యూట్‌తో దాన్ని మామూలు స్పేస్‌గా మార్చి, ఆ తర్వాత ట్రిమ్ చెయ్యాలి.

తెలుగు విషయానికి వస్తే, మనం చూడవలసింది కంటికి కనిపించని 8204వ అక్షరాన్ని, అంటే జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను. "ఫోన్‌లో" అని టైపు చేసినప్పుడు నకారప్పొల్లుకూ లకారానికీ మధ్య ఇది కూర్చుంటుంది. ఇది లేకపోతే ఆ రెండూ కలిసి ఒత్తుగా మారిపోతాయి. ఇప్పుడు వెతుకులాట కోసం ఆ మాట నుంచి "లో" ప్రత్యయాన్ని తొలగించారనుకోండి. మిగిలిన "ఫోన్" తెరమీద చక్కగానే కనిపిస్తుంది, కానీ దాని పొడవు నాలుగుకు బదులు అయిదని వస్తుంది, నిఘంటువులోని "ఫోన్"తో అది సమానం కాదు. యూనికోడ్ దృష్టిలో ఈ అక్షరం ఖాళీ కాదు కనుక స్ట్రిప్ దాని జోలికి పోదు. మాట చివర మిగిలిన దాన్ని మనమే పేరు పెట్టి తొలగించాలి. అయితే మాట మధ్యలో ఉన్నదాన్ని అలాగే ఉంచాలి. మొత్తం పాఠంలో దాన్ని తుడిచేస్తే "సాఫ్ట్‌వేర్" వంటి మాటల రూపమే చెడిపోతుంది.

ప్రత్యయాల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరో సంగతి చెప్పాలి. పైథాన్‌లో చివరి వైపు మాత్రమే తీసే ఆర్‌స్ట్రిప్‌కు "లో" అని ఇస్తే, అది "లో" అనే ప్రత్యయాన్ని వెతకదు. లకారం, ఓత్వం అనే రెండు గుర్తుల్లో ఏది చివర కనిపించినా తీసేస్తూ పోతుంది. "నేలలో" అన్న మాటకు దాన్ని వర్తింపజేస్తే మనకు "నేల" రావాలి, వచ్చేది "నే". పెద్ద జాబితాలో ఇలాంటి నష్టం చాలాకాలం ఎవరి కంటా పడదు. 2020లో వచ్చిన పైథాన్ 3.9లోని రిమూవ్‌సఫిక్స్ ఈ పనికి సరైన సాధనం.

ఇక రెండో నిర్ణయం. పేరు, ఊరు, ఈమెయిలు వంటి గడుల్లో చివరి ఖాళీకి అర్థం ఉండదు, తీసెయ్యవచ్చు. పాస్‌వర్డును మాత్రం ముట్టుకోకూడదని నా గట్టి అభిప్రాయం. నమోదు సమయంలో ట్రిమ్ చేసి లాగిన్‌లో చెయ్యకపోతే, సరైన పాస్‌వర్డు కొట్టిన మనిషే బయట నిలబడవలసి వస్తుంది. సాదా పాఠానికే చిన్న గుర్తులతో రూపం ఇచ్చే మార్క్‌డౌన్‌లో వరుస చివరి రెండు ఖాళీలు కొత్త వరుసకు గుర్తు. స్థిర వెడల్పు గల రికార్డులలో ముందున్న ఖాళీలే గడుల స్థానాలను నిలబెడతాయి. ముందు స్ట్రిప్ చేసి తర్వాత ముక్కలు చేస్తే ప్రతి గడీ పక్కకు జరిగిపోతుంది. కామాలతో గడులను విడదీసే సీఎస్‌వీ ఫైళ్ల గురించి 2005లో వెలువడిన ఇంటర్నెట్ పత్రం ఆర్ఎఫ్‌సీ 4180 ఖాళీలు గడిలో భాగమేననీ, వాటిని విస్మరించరాదనీ స్పష్టంగా చెబుతుంది.

అందువల్ల ట్రిమ్ పాఠం లోపలికి వచ్చే చోటనే, గడి స్వభావాన్ని బట్టి, ఒక్కసారే జరగాలి. కోడు నిండా అక్కడొకటీ ఇక్కడొకటీ చల్లినప్పుడు ఏ విలువ శుభ్రమైనదో, ఏది కాదో ఎవరికీ తెలియదు. గడి నిండిందా లేదా అన్న పరీక్ష ట్రిమ్ తర్వాతే ఉండాలి. లేకుంటే నాలుగు స్పేసులు కొట్టిన దరఖాస్తు కూడా పేరు ఉన్నట్టే దాటిపోతుంది. ఆ తర్వాత మిగిలిన ఖాళీ స్ట్రింగును ఒరాకిల్ డేటాబేసు నల్‌గా, అంటే విలువే లేనట్టుగా, లెక్కిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

ఇప్పటికే డేటాబేసులో చేరిపోయిన పాత వరుసల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మైఎస్‌క్యూఎల్ పాత కొలేషన్లు (అక్షరాలను పోల్చే నియమాలు) పోల్చేటప్పుడు చివరి స్పేసును పట్టించుకోవు, 8.0లో అప్రమేయంగా వచ్చే కొలేషన్ పట్టించుకుంటుంది. అంటే అప్పటిదాకా ఒకటిగా చెల్లిన రెండు విలువలు కొత్త కొలేషన్‌కు వలస తర్వాత వేరు కావచ్చు. కాబట్టి వరుసలను మార్చే అప్‌డేట్ ఆదేశం నడిపే ముందు, ట్రిమ్ చేస్తే ఏ వరుసలు ఒకదానితో ఒకటి ఢీకొంటాయో ఒక సెలెక్ట్‌తో తీసి చూడండి. అలా ఒకే పేరుతో తేలిన రెండు వరుసలు ఒకే మనిషివా, ఇద్దరివా అన్నది కోడుతో తేల్చకుండా, ఆ జాబితాను రికార్డులు నిర్వహించే వారి చేతికే ఇచ్చి అడగండి.