అరువు పెంకులు

మ్యూజియం అరలు చూసుకునే మీ అందరికీ నమస్కారం.

ఒడ్డుకి లాగిన పడవ అడుగున తెల్లటి పెంకులు అతుక్కుని ఉండటం మీరు చూసే ఉంటారు. కాలికి తగిలితే చీరుకుపోతుంది. అవే బార్నకిల్స్. చూడటానికి గవ్వల్లా ఉన్నా రొయ్యలకీ పీతలకీ చుట్టాలు. చార్లెస్ డార్విన్ 1846 నుంచి 1854 దాకా ఎనిమిదేళ్లు వీటితోనే గడిపాడు. ఆయన చూసిన వాటిలో ఎక్కువ భాగం అరువు తెచ్చుకున్న ఊళ్లోవాళ్ల సొమ్మే.

మొదలైంది మాత్రం సొంత సొమ్ముతోనే. 1835లో చిలీ దక్షిణాన చోనోస్ దీవుల్లో, నత్త పెంకుని తొలుచుకుని దూరిన అతి చిన్న బార్నకిల్ ఆయనకి దొరికింది. దానికంటూ పెంకే లేదు! ఈ వింత జీవిని ఏ గుంపులో పెట్టాలో తేల్చాలంటే మిగతావన్నీ చూడాలి. చూద్దామంటే ఒంట్లో బాగుండదు, ఉండేదేమో లండన్‌కి పాతిక కిలోమీటర్ల దూరాన డౌన్ అనే పల్లెలో. రోజూ వెళ్లి మ్యూజియంలో కూర్చోలేడు. మ్యూజియమే ఇంటికి రావాలి.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో జంతుశాఖ చూసే జాన్ ఎడ్వర్డ్ గ్రే ఆయన్ని ప్రోత్సహించాడు. అక్కడి బార్నకిల్స్‌ని అరువివ్వమని డార్విన్ మ్యూజియం ట్రస్టీలకి అర్జీ పెట్టుకున్నాడు. ఎరువు సొమ్ము బరువు చేటు అంటారు మనవాళ్లు. ఈయన అడిగింది అంతకన్నా మొండి కోరిక: తెచ్చుకున్నదాన్ని విప్పి, కోసి చూడనివ్వాలి. పెంకు పలకలు విడదీయకుండా జాతి తేల్చడం కుదరదు మరి. మ్యూజియం వాళ్ల గుండె ఎలా ఉండి ఉంటుందో, అరల తాళాలు చేతిలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అయినా ఇచ్చారు. తర్వాత గ్రే కొన్ని జాతుల్ని తనకంటే ముందే ప్రచురిస్తాడని విని, డార్విన్ కంగారుగా ఆయనకే ఉత్తరం రాశాడు. అరువిచ్చినవాడితో ఆ మాట ఎత్తడం ఎంత ఇబ్బందో!

కోయనివ్వడం వల్ల ఏం ఒరిగిందంటారా? హ్యూ కమింగ్ అనే సేకర్త ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన వాటిలో ఇబ్లా అనే రకం ఉంది. విప్పి చూస్తే లోపల పురుగుల్లాంటివి అతుక్కుని ఉన్నాయి. పరాన్నజీవులనుకుని పారేయాల్సినవే. మైక్రోస్కోప్ కింద చూస్తే అవి మగవి! ఆడదాని ఒంటికే అంటుకుని బతికే మొగుళ్లు. ఆ జాతికి డార్విన్ కమింగ్ పేరే పెట్టాడు. అరువు తీర్చుకోవడంలో అదొక పద్ధతి.

బోస్టన్‌లో ఉన్న గవ్వల నిపుణుడు అగస్టస్ గౌల్డ్‌నీ బార్నకిల్స్ అడిగాడు. ఆర్కిటిక్ వెళ్లబోతున్న నావికుడు జేమ్స్ క్లార్క్ రాస్‌నీ వదల్లేదు, అక్కడివి దొరికితే తెచ్చిపెట్టమన్నాడు. నాకు బాగా నచ్చేది మాత్రం కోపెన్‌హాగన్ కథ. డెన్మార్క్‌లోని ఆ ఊళ్లో ఉన్న జంతుశాస్త్రవేత్త యాపెటస్ స్టీన్‌స్ట్రప్ తన శిలాజ బార్నకిల్స్ పెట్టె అరువుగా పంపాడు. అది దారిలో ఆలస్యమయ్యేసరికి డార్విన్‌కి ఒకటే టెన్షన్. పోతే ఏం చెప్పాలి? చివరికి 1850 జనవరిలో క్షేమంగా చేరింది.

పని ముగిశాక, 1854లో, కృతజ్ఞతగా స్టీన్‌స్ట్రప్‌కి తనవైపు నుంచి ఒక పెట్టె పంపాడు. జాబితా రాసి మరీ, 77 బార్నకిల్స్. ఆ జాబితా పట్టుకుని డెన్మార్క్ మ్యూజియం వాళ్లు ఈ మధ్యకాలంలో అరలన్నీ వెతికారు. 55 దొరికాయి.