చూపు నుంచి తెలివి దాకా: ఒక మూల జర్మానిక్ క్రియ పుట్టుక

సభకు నమస్కారం.

జర్మన్ నేర్చుకునేవారిని మొదట్లోనే తికమకపెట్టే క్రియ ‘విస్సెన్’, అంటే తెలియడం. ‘నాకు తెలుసు’ అనాలంటే ‘ఇష్ వైస్’, ‘మాకు తెలుసు’ అనాలంటే ‘వీర్ విస్సెన్’. ఏకవచనంలో ‘వై’, బహువచనంలో ‘వి’. పైగా ‘అతనికి తెలుసు’ అన్నప్పుడు మామూలు క్రియల చివర వచ్చే ‘త్’ దీనికి రాదు. పాఠ్యపుస్తకాలు దీన్ని అపవాదమని చెప్పి ముందుకు సాగిపోతాయి. అక్కడ ఆగాలని నా మనవి.

నాలుగో శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిలును గోతిక్ అనే పాత జర్మానిక్ భాషలోకి తెచ్చాడు. అందులో ‘నాకు తెలుసు’కు ‘వైత్’, ‘మాకు తెలుసు’కు ‘వితుమ్’. అదే పెద్ద భాషా కుటుంబానికి చెందిన సంస్కృతంలో ఇవే ‘వేద’, ‘విద్మ’. హోమర్ గ్రీకులో ‘ఓయ్ద’, ‘ఇద్మెన్’. సంస్కృతంలో ‘ద’ ఉన్నచోట గోతిక్‌లో ‘త’ ఉండటం 1822లో జర్మన్ భాషావేత్త యాకోబ్ గ్రిమ్ సూత్రీకరించిన ధ్వని మార్పు. వీటన్నిటినీ పోల్చే పండితులు జర్మన్, ఇంగ్లీషు, గోతిక్‌లకు తల్లి అయిన మూల జర్మానిక్‌లో ‘వితనన్’ అనే రూపాన్ని పునర్నిర్మించారు. రాతలో ఎక్కడా దొరకలేదు కనుక దాని ముందు నక్షత్రపు గుర్తు పెడతారు.

దీని ధాతువుకు అసలు అర్థం చూడటం. లాటిన్ ‘విదేరె’లో ఆ అర్థం అలాగే నిలిచింది. ‘వేద’ అర్థంలో వర్తమానమే అయినా పుట్టుకలో అది చూసిన తర్వాత మిగిలే స్థితిని చెప్పే రూపం. చూశాను, కాబట్టి తెలుసు. అందుకే దానికి వర్తమాన ప్రత్యయాలు అంటలేదు.

మరి ‘వై’, ‘వి’ల తేడా ఎందుకు? ఇక్కడ ఋగ్వేద స్వరం సాక్ష్యం చెబుతుంది, నాకు అత్యంత ప్రియమైన భాగం ఇదే. ‘వేద’లో ఉదాత్తం, అంటే ఊనిక పడే హెచ్చు స్వరం, మొదటి అక్షరం మీద, ‘విద్మ’లో చివరి అక్షరం మీద. ఊనిక ధాతువు మీద ఉంటే అచ్చు నిండుగా నిలిచింది, ప్రత్యయం మీదికి జారితే కుదించుకుపోయింది. జర్మానిక్ భాషల్లో ఊనిక తర్వాత మొదటి అక్షరానికి స్థిరపడి ఆ పాత స్వరం చెరిగిపోయింది. అచ్చుల తేడా మాత్రం బెర్లిన్ వీధుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తేడాకు కారణం వేదపాఠంలో భద్రంగా ఉంది.

సంస్కృత ‘విద్వాంసు’డికీ గోతిక్‌లో బంధువుంది. అక్కడ ఆ మాటకు అర్థం సాక్షి.

ఈ మూసలో పోసిన క్రియలు మరికొన్ని ఉన్నాయి. గోతిక్ ‘కన్’, ‘కున్నుమ్’ అలాంటివే, వాటి అర్థమూ తెలియడమే. ఇంగ్లీషు ‘కెన్’ ఆ వంశానిదే. ‘హీ’ పక్కన వచ్చినా దాని చివర ‘ఎస్’ చేరకపోవడానికి కారణం అదే.