111 నిమిషాలు, ఒక్క కట్ లేదు: సీఐడీ ఎపిసోడ్ లోపలి పనితనం

నమస్తే అన్నలూ, అక్కలూ. సిరొంచ, అహేరి, రాజురా, బల్లార్షా... మహారాష్ట్ర అంచున మన దిక్కు ఇండ్లల్ల మాట తెలుగు, బడి మరాఠీ, టీవీ హిందీ. అందుకే సీఐడీ గురించి కొత్తగ పరిచయం అక్కర్లేదు. ఈ హిందీ డిటెక్టివ్ సీరియల్ 1998 జనవరి 21న సోనీ టీవీల మొదలైంది, 2018 అక్టోబర్ దాక నడిచింది, మల్ల 2024 డిసెంబర్‌ల తిరిగొచ్చింది. ఇయ్యాల అన్ని ఎపిసోడ్లు కాదు, ఒక్కటే చూద్దాం. 2004 నవంబర్ 7న వచ్చిన ‘ది ఇన్‌హెరిటెన్స్’. 111 నిమిషాలు ఒక్క కట్ లేకుండ, అంటే కెమెరా ఆపకుండ ఒక్కటే షాట్ల తీసిన్రు. గిన్నిస్ బుక్‌ల ఎక్కింది.

రికార్డు ముచ్చట అందరికీ తెలుసు, దాన్ని పక్కన పెడుదాం. కట్ లేకపోతే సీఐడీకి ఏం మిగుల్తది? నా లెక్కల ఆ ఎపిసోడ్‌ను చూడాల్సింది ఈ కోణంల. ఎందుకంటె ఆ సీరియల్ బతికిందే కట్ మీద.

మామూలు ఎపిసోడ్ యాదికి తెచ్చుకోండ్రి. శవం కనవడ్తది, దభీమని సౌండ్, ఒక్కొక్కరి మొకం మీదికి జూమ్. తర్వాత శవాన్ని, ఆధారాలను పరీక్ష చేసే డాక్టర్ సాలుంకే సార్ ల్యాబ్. ఆఖరికి హంతకుడు నోరు విప్పుతడు, అప్పుడు రంగు మార్చిన ఫ్లాష్‌బ్యాక్. ఇప్పుడు కట్ తీసేయండ్రి. మొకాల మీద జూములు పోయినయ్. ల్యాబ్ పోయింది, ఎందుకంటె అది వేరే సెట్టు, కెమెరా ఆపకుండ అక్కడికి పోవాల్నంటే బండి ఎక్కాలె. అన్నిటికంటె పెద్ద దెబ్బ ఫ్లాష్‌బ్యాక్‌ది. చంపుడు ఎట్ల జరిగిందో చూపించనీకి లేదు, నోటితోనే చెప్పాలె. అంటే రాసేటోడు ఆధారాలన్నీ ముందే కెమెరా తిరిగే తొవ్వల పెట్టుకుంట రావాలె. చూసేటోనికి గ్లాసు కనవడాలె గని, అది ఆధారమని అప్పుడే తెల్వద్దు.

ఇగ తలుపు. ఇన్‌స్పెక్టర్ దయా తలుపు పగలగొట్టుడు ఊకె జోక్ అయిపోయింది గని, దాని వెనుక వడ్రంగి పని ఉంటది. షూటింగుల పగిలే తలుపుకు గడియ దగ్గర పొడుగు స్క్రూలు తీసి పొట్టియి పెడ్తరు, చౌకట్ల గడియ దిగే చోట కర్రను ముందే కోసి బలహీనం చేస్తరు. లేకపోతే అవుతల ఒక మనిషి నిలవడి దెబ్బ తాకంగనే గడియ లాగుతడు. మామూలుగైతే తన్నేది ఒక షాటు, పడేది ఇంకో షాటు. ఒక్క షాట్ల ఈ సౌకర్యం లేదు. అదే తలుపును ముందు పది మంది తెరిచి మూసినంక, ఆఖర్ల ఒక్క తన్నుకే పడాలె. అట్ల పడకపోతే నటుడు రెండోసారి తన్నుతడు, అది నడుస్తది. తన్నకముందే పడితె మాత్రం ఎవ్వరూ కాపాడలేరు.

నటుల దగ్గరికి వద్దాం. ఏసీపీ ప్రద్యుమన్ పాత్ర వేసిన శివాజీ సాటం బ్యాంకుల పని చేసుకుంట మరాఠీ నాటకాలు ఆడిన మనిషి. ఆ ఏసీపీ మాట మధ్యల ఆగుతడు, వేలు తిప్పుతడు. మామూలు ఎపిసోడ్ల అది స్టైలు, అందరు నకలు చేస్తరు. ఒక్క షాట్ల అదే పనిముట్టు అయితది. ఆయన ఆగిన ఆ రెండు మూడు సెకన్లల కెమెరా మనిషి పక్కకు జరుగుతడు, ఫోకస్ పట్టేటోడు తర్వాతి మొకం దూరం అందుకుంటడు, మాట మర్చిపోయిన నటునికి గుర్తుకు తెచ్చుకునే టైం దొరుకుతది. ఎక్కడ ఆగాల్నో స్టేజీ నేర్పుతది, ఎడిటింగ్ టేబుల్ నేర్పది.

ఇన్‌స్పెక్టర్ అభిజీత్ పాత్ర వేసిన ఆదిత్య శ్రీవాస్తవ్ కూడ నాటకాల నుంచే వచ్చిండు. రాంగోపాల్ వర్మ 1998ల తీసిన ‘సత్య’ల ఇన్‌స్పెక్టర్ ఖాండిల్కర్ ఆయనే. ఆయన బలం వినుడుల ఉన్నది. కట్ ఉంటె వేరేటోళ్లు మాట్లాడేటప్పుడు నటుడు ఊరికె నిలవడ్డ చెల్లుతది, తర్వాత ఒక రియాక్షన్ తీసి అతికిస్తరు. ఇక్కడ ఫ్రేముల ఉన్నంత సేపు పాత్రల ఉండాలె. మల్లొకసారి చూసేటప్పుడు మాట్లాడేటోన్ని ఇడిచిపెట్టి, వెనుక నిలవడ్డోళ్ల కండ్లు చూడున్రి. ఎవరు అసలు నటులో, ఎవరు తన డైలాగ్ కోసం ఎదురు చూస్తున్నరో అక్కడ దొరుకుతరు.

దయా పాత్ర వేసిన దయానంద్ శెట్టి క్రీడల నుంచి వచ్చినోడు. షాట్‌పుట్, డిస్కస్ విసిరిన శరీరం. అసొంటి ఎత్తు, వెడల్పు ఉన్న మనిషి ఒక్క షాట్ల నడిచే గోడ. ఆయన కెమెరా ముందు నుంచి దాటిన ఒక్క సెకను ఫ్రేము మూసుకుంటది, ఆ చాటున వెలుతురు మార్చొచ్చు, వెనుక వస్తువు జరపొచ్చు. ఫ్రెడ్రిక్స్ లాంటి నవ్వించే పాత్రకైతె ఇంకో లాభం. ఎవరన్న ఎంట్రీకి లేట్ అయితె అర నిమిషం ముచ్చట సాగదీయొచ్చు, జనం అది కథ అనే అనుకుంటరు. ఆ పాత్ర వేసిన దినేష్ ఫడ్నీస్ 2023 డిసెంబర్‌ల పోయిండు. ఆయన టైమింగ్‌ను జనం తక్కువ అంచనా వేసిన్రని నా అభిప్రాయం.

దర్శకుడు బి.పి. సింగ్ అసలు కెమెరా మనిషి, దూరదర్శన్ల న్యూస్ కెమెరా పట్టినోడు. ఈ పిచ్చి పనికి ధైర్యం అక్కడి నుంచే వచ్చి ఉంటది. లెక్క చూడున్రి. సెకనుకు 25 ఫ్రేములు, 111 నిమిషాలంటె 1,66,500 ఫ్రేములు. సినిమా రీలు వెయ్యి అడుగులది పదకొండు నిమిషాలకే అయిపోతది, కాబట్టి రీలు మీద ఈ పని కానే కాదు. వీడియోల కూడ అప్పట్ల కెమెరాల పట్టే చిన్న బీటా క్యాసెట్ 30, 40 నిమిషాలదే. పెద్ద డిజిటల్ బీటా క్యాసెట్ 124 నిమిషాలు వస్తది గని, అది కెమెరాల పట్టది, దానికి వేరే రికార్డర్ కావాలె. ఇంతసేపు ఆగకుండ తీయాల్నంటే కెమెరా నుంచి బొమ్మను బయట పెట్టిన రికార్డర్‌కు పంపుడే తొవ్వ. వైరుతోని పంపితె దాన్ని ఎత్తుకొని వెనుక ఒకడు ఉరకాలె, వాడు ఏ అద్దంల పడొద్దు.

వెలుతురు ఇంకో తలనొప్పి. కెమెరా చుట్టూ తిరుగుతది కాబట్టి నేల మీద లైటు స్టాండ్ పెట్టనీకి జాగ ఉండది. పైకప్పుకు కట్టాలె, లేదంటే టేబుల్ ల్యాంపులు, ట్యూబులైట్లనే వాడుకోవాలె. పగలైతె రెండు గంటలల్ల కిటికీ వెలుగు మారిపోతది, అందుకే చాలామంది కిటికీలు మూసి రాత్రి కథ రాసుకుంటరు.

మన దిక్కు దీనికి దగ్గరి చుట్టం ఒకటి ఉన్నది, ఝాడీపట్టీ నాటకం. గడ్చిరోలి జిల్లా వడసా కేంద్రంగ కోతలైనంక రాత్రి మొదలువెడితే తెల్లారేదాక ఆడ్తరు. గడ్చిరోలి పరశురాం ఖుణేకు 2023ల పద్మశ్రీ వచ్చింది ఈ నాటకానికే. అక్కడ రీటేకు ఉండది, మాట తప్పితె పక్క నటుడు అందుకుంటడు. మీరు ఫోన్ల ఒక్క షాట్ల క్రైమ్ కథ తీయాల్నంటే రీల్స్ చేసేటోళ్లను కాదు, అసొంటి నటులను పట్టుకోండ్రి.

పది నిమిషాల కథ అనుకుందాం, రెండర్రల ఇల్లు. ముందు ఇంటి నక్షా కాయితం మీద గీసి, కెమెరా తొవ్వను ఒక్క గీతల గీయండ్రి. గీత తనను తాను రెండుసార్ల కంటె ఎక్కువ కోస్తె కథ మార్చుకోండ్రి, మనుషులు దాచుకునే జాగ దొరకది. తర్వాత డైలాగులు లేకుండ ఉట్టిగ నడిచి టైం చూసుకోండ్రి. అటెన్క డైలాగులతోని. కెమెరా ఆఖరికి పట్టాలె.

కష్టమైన పని, అంటే కొట్లాటనో తలుపు పగులుడో, మొదటి రెండు నిమిషాలల్ల పెట్టండ్రి. అది చెడితె రెండు నిమిషాలే పోతయ్. తొమ్మిదో నిమిషంల పెడితె టేకు మొత్తం పోతది, నటుల ఓపిక కూడ పోతది. కథ ఒప్పుకోదంటరా? కథను తిరగేయండ్రి, శవంతోని మొదలువెట్టండ్రి.

ఫోన్ ఫ్లయిట్ మోడ్ల పెట్టాలె, ఫోన్ వస్తె రికార్డింగ్ ఆగిపోతది. ఫోకస్, ఎక్స్‌పోజర్ (వెలుతురు లెక్క) లాక్ చేయకపోతె కిటికీ దిక్కు తిరగంగనే మొకాలు నల్లగైతయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, అందుకే షటర్ స్పీడు సెకనుల 50వ వంతో, 100వ వంతో ఉంచండ్రి, లేకపోతె ట్యూబులైటు గీతలు గీతలుగ కొట్టుకుంటది. ఐఫోన్ల 4కె, సెకనుకు 30 ఫ్రేములు అయితె నిమిషానికి దగ్గర దగ్గర 170 ఎంబీ తింటది. పది నిమిషాల టేకుకు 1.7 జీబీ, పది టేకులకు 17. ఖాళీ చూసుకొని మొదలువెట్టండ్రి. పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు శానా మట్టుకు 30 నిమిషాలకు ఒక్క సెకను తక్కువల వాటంతట అవే ఆగిపోతయ్, అది కూడ యాదుంచుకోండ్రి. మే నెలల చంద్రపూర్ ఎండల అయితె ఫోను వేడెక్కి మధ్యలనే బంద్ అయితది, తెల్లారుజామున తీసుడే మేలు. కూలరు, ఫ్యాను బంద్ చేయాలె, ఫ్రిజ్ కూడ. గల్లా కాడ పెట్టే చిన్న మైకు చీర కొంగు కింద పెడితె పరపర సౌండు వస్తది, జాకెట్ అంచుకు లోపల టేపుతోని అతికించండ్రి.

నటులకు నేల మీద గుర్తులు పెడితె కెమెరాల పడ్తయ్. చాప అంచు, కుర్చీ కాలు, గచ్చు గీత, వీటినే గుర్తుగ చెప్పండ్రి.

ఇగ శవం. పది నిమిషాలు ఊపిరి పట్టుడు ఎవరితోని కాదు. బోర్లా పండవెట్టి, మొకం గోడ దిక్కు తిప్పి, మీద వదులు బట్ట వేయండ్రి, పక్కటెముకలు కనవడయి. నెత్తురు దగ్గు సిరప్ లెక్క చిక్కగ ఉండాలె. పల్చగ ఉంటె గచ్చు మీద పారుకుంట పోయి మూడో నిమిషంల హీరో కాలు జారుతది. శవం పాత్ర వేసేటోనికి షూటింగ్ అయినంకనే అన్నం పెట్టండ్రి. కడుపునిండ తిని పండుకుంటె పొట్ట ఎగురుతది, ఒక్కోసారి గురక కూడ వస్తది.