పదకొండు స్తంభాలు

శ్రోతలకు నమస్కారం.

మా ఊళ్లో హైస్కూలు గేటు నుంచి బస్టాపు దాకా 11 కరెంటు స్తంభాలున్నాయి. దీపం వెలిగేవి నాలుగే. ఈ లెక్క నాకు చెప్పింది పదో తరగతి చదివే ఒక అమ్మాయి. సాయంత్రం ప్రత్యేక తరగతులు ముగిశాక ఆ చీకట్లో రోజూ నడిచేది తనే. “ఎవరికైనా చెప్పావా అమ్మా?” అని అడిగాను. “మమ్మల్ని ఎవరు అడుగుతారండీ?” అంది. ఆ మాట నన్ను వదలడం లేదు.

అడిగిన ఊరు ఒకటుంది. అమెరికాలోని బోస్టన్. 2014లో ఆ నగర ప్రభుత్వం తన బడ్జెట్‌లోంచి 10 లక్షల డాలర్లు, అంటే అప్పటి లెక్కలో దాదాపు 6 కోట్ల రూపాయలు, విడిగా తీసి పెట్టింది. వాటితో ఏ పనులు చేయాలో తేల్చమని 12 నుంచి 25 ఏళ్ల వాళ్లకు అప్పగించింది. సలహా చెప్పమని కాదు, తేల్చమని! పన్నెండేళ్లంటే మన దగ్గర ఆరో తరగతో, ఏడో తరగతో. ముందు ఆలోచనలు పోగుచేశారు. కొందరు పిల్లలు నగర అధికారులతో కూర్చుని, ఏ పని ఎంతలో అవుతుందో చూసి ప్రతిపాదనలు తయారుచేశారు. ఆ తర్వాత ఓటింగు. 1,500 మందికి పైగా ఓటు వేశారు.

ఏం ఎంచుకున్నారో వినండి. ఆడుకునే వయసు కదా, ఆటస్థలాలు బాగుచేయమన్నారు. సరే. కానీ కాలిబాటలు కూడా కావాలన్నారు. ఒక పార్కులో భద్రత కోసం కెమెరాలు పెట్టమన్నారు. మూడు హైస్కూళ్లకు ల్యాప్‌టాప్‌లు ఇమ్మన్నారు. ఇక స్కేటింగ్ పార్కు సంగతి. వెంటనే కట్టేయమనలేదు; అసలు కుదురుతుందో లేదో ముందు పరిశీలన జరిపించమన్నారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. డబ్బు చేతికొస్తే పిల్లలు దుబారా చేస్తారని భయపడే పెద్దలకు ఈ ఒక్క సంగతి చెప్పాలనిపిస్తుంది.

మన గ్రామసభలో ఓటర్ల జాబితాలో పేరున్న వాళ్లే సభ్యులు. అంటే 18 ఏళ్లు నిండాలి. అందుకే గ్రామసభకు ముందు బాలసభ జరపమని కేంద్ర పంచాయతీరాజ్ శాఖ చెబుతోంది. నేను చూసిన బాలసభలో మాత్రం పాటలు పాడించి, మిఠాయిలు పంచి పంపేశారు. పిల్లలు ఏం అడిగారో ఎక్కడా రాయలేదు.

రాయాలి. నేను ఈ రోజు అడిగేది ఇదొక్కటే. పిల్లలూ, మీరు చూసింది లెక్కపెట్టండి. ఎన్ని కుళాయిలు, ఎన్ని దీపాలు, ఎక్కడెక్కడ అన్నది కాగితం మీద పెట్టండి. పంచాయతీ కార్యదర్శికి ఇచ్చి, మినిట్స్ పుస్తకంలో రాయమని అడగండి. ఉపాధ్యాయులూ, సర్పంచులూ, అది రాసేదాకా మీరు పక్కనే నిలబడండి.

ఆ అమ్మాయి వచ్చే సభకు వస్తానంది. స్తంభాలకు వరుసగా నంబర్లు వేసి, వెలగని ఏడింటి చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టింది.