యాయా "ఎలా" అంటే నేను "బాగున్నా" అనేదాన్ని

అందరికీ నమస్తే. ఈరోజు పెట్టాల్సింది నెల సరుకుల వీడియో. మెల్‌బోర్న్‌లో ఆకుకూరల దగ్గర నుంచి బియ్యం బస్తా దాకా ఏది ఎంతో చెప్పమని కామెంట్లలో ఒకటే అడుగుతున్నారు. బిల్లులన్నీ టేబుల్ మీద పరిచి, లైట్ కూడా సెట్ చేసుకున్నా. కానీ పొద్దున చర్చికి వెళ్ళొచ్చాం, వచ్చాక బిల్లుల మీదికి మనసు పోవట్లేదు. మా పక్కింటి యాయా పోయి నలభై రోజులైంది.

పాత వీడియోల్లో చూసే ఉంటారు. నల్ల గౌను, నల్ల స్వెటర్, చేతిలో నీళ్ళ పైపు, కెమెరా కనబడితే మొహం తిప్పేసుకునే ముసలామె. గ్రీకులో అమ్మమ్మనైనా నానమ్మనైనా యాయా అనే పిలుస్తారు. మా వీధిలో అందరికీ ఆమె యాయానే. కరీంనగర్ నుంచి మా అమ్మ ఫోన్ చేసి "ఆ ముసలామె ముచ్చట చెప్పు బిడ్డా, నేను చూస్త" అంది, కాబట్టి సరుకులు వచ్చే వారం.

మేముండేది ఓక్లీలో. ఇక్కడ ఈటన్ మాల్ అని కార్లు రాని వీధి ఒకటి ఉంది, రెండు పక్కలా కాఫీ షాపులు, ఆదివారం వెళ్తే ఇంగ్లిష్ కంటే గ్రీకే ఎక్కువ వినబడుతుంది. ఇల్లు తీసుకున్నప్పుడు మాకు ఇవేవీ తెలీవు, రైల్వే స్టేషన్ దగ్గరని తీసుకున్నాం.

దిగిన రెండో రోజు గోడ అవతల నుంచి ఆమె చెయ్యి ఊపుతూ "ఎలా, ఎలా" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "బాగున్నానండీ" అన్నా. మళ్ళీ "ఎలా!" అంది, ఈసారి కాస్త కోపంగా. "నిజంగానే బాగున్నా" అన్నా. చివరికి వాళ్ళ మనవడు వచ్చి చెప్పాడు, ఎలా అంటే ఇటు రా అని అర్థమట, నిమ్మకాయలు ఇవ్వడానికి పిలుస్తోందట. ఇంకో తిరకాసు ఏంటంటే వాళ్ళు అవును అనడానికి "నే" అంటారు. హైదరాబాద్‌లో పెరిగిన చెవికి అది "నై" లాగా వినిపిస్తుంది. కాఫీ తాగుతావా అంటే నే అనేది, వద్దంటోంది కాబోలు అని నేను కదిలేదాన్ని కాదు. ఎంత పిసినారిదాన్ని అనుకుందో ఏమో.

అసలు స్నేహం కలిసింది తోటకూర దగ్గర. వచ్చిన కొత్తలో ఇండియన్ షాపులో ఒక కట్ట కొన్నా, 4 డాలర్లు. లెక్కకి డాలర్ 60 రూపాయలు అనుకోండి, తోటకూర కట్ట 240 రూపాయలు! ఇంటికొచ్చి గోడ మీదుగా చూస్తే ఆమె పెరట్లో అదే తోటకూర, నడుము ఎత్తున. వాళ్ళు వ్లీతా అంటారు, ఉడకబెట్టి నిమ్మకాయ పిండి, పైన ఆలివ్ నూనె పోసుకుంటారు. నూనె ఎంత పోసేదంటే, నేను 4 లీటర్ల డబ్బా 60 డాలర్లు పెట్టి కొని చెంచాతో కొలుచుకుంటున్నా, ఆమె మనం చారు పోసుకున్నట్టు పోసేది. ఇటుకల సందుల్లో గంగవాయిలి కూర కూడా ఉండేది, వాళ్ళు దాన్ని పెరుగులో కలుపుకుంటారు. నేను పప్పులో వేసి ఒక గిన్నె ఇచ్చా. తిని, గిన్నె కడక్కుండా దాని నిండా తోటకూర పెట్టి తిరిగిచ్చింది. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని వాళ్ళకూ ఉన్నట్టుంది, నేనైతే అడగలేదు.

అమ్మ మూడు నెలలు ఉండటానికి వచ్చినప్పుడు ఒకటి జరిగింది. యాయా ఖాళీ నూనె డబ్బాలకి సున్నం వేసి బేసిల్ అని తులసి లాంటి మొక్క పెంచేది. వాళ్ళు దాన్ని చర్చికి కూడా తీసుకెళ్తారు. మా అమ్మ అది తులసే అనుకుని చెప్పులు విప్పి దండం పెట్టేసింది. యాయా ఒక్క నిమిషం చూసి, తనూ శిలువ గుర్తు వేసుకుంది. ఆ తర్వాత ఇద్దరూ రోజూ సాయంత్రం గోడ దగ్గర కూర్చుని, ఒకరు తెలుగులో ఒకరు గ్రీకులో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడుకునేవాళ్ళు. నేను అనువాదం చేయబోతే అమ్మ కసిరింది.

ఆమె కథ నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. గ్రీసులో కలమాటా దగ్గర కొండల్లో ఊరు. పసిపిల్లగా ఉన్నప్పుడు 1941లో జర్మన్లు వచ్చారు, ఆ చలికాలం దేశమంతా కరువు. వాళ్ళు పోయాక అంతర్యుద్ధం, అది 1949 దాకా. ఆ రోజుల్లో కొండ మీద కోసుకొచ్చిన ఆకులే తిండి. మేము కలుపు అని పీకేసేవి ఆమెకు ఎందుకు కలుపు కావో ఇది విన్నాకే తెలిసింది. ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలు, కట్నం లేదు. అవునండీ, వాళ్ళకూ ఉండేది, గ్రీసులో చట్టం చేసి తీసేసింది 1983లో. ఆస్ట్రేలియాలో ఉన్న గ్రీకు కుర్రాళ్ళు మాత్రం కట్నం అడక్కుండా ఫోటోలు చూసి చేసుకునేవాళ్ళు. 1957లో బెగోనా అనే ఓడ ఒక్కటే అలాంటి పెళ్ళికూతుళ్ళని 900 మంది దాకా తీసుకొచ్చింది. యాయా ఆ తర్వాతి ఏడాది ఇంకో ఓడలో వచ్చింది, 19 ఏళ్ళకి. మెల్‌బోర్న్ ఓడరేవు స్టేషన్ పియర్‌లో ఫోటో పట్టుకుని వెతికితే మనిషి దొరికాడు కానీ ఫోటోలోని కోటు లేదు. అది స్నేహితుడి కోటట. ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం ఇంగ్లిష్‌లోనే చెప్పేది, "నాట్ హిజ్ కోట్!" అని, యాభై ఏళ్ళు కాపురం చేసి కూడా ఆ కోటు సంగతి వదల్లేదు.

పోయిన ఏడాది ఆ ఇంగ్లిష్ కాస్తా పోయింది. మతిమరుపులో తర్వాత నేర్చుకున్న భాష ముందు పోవడం ఇలా వలస వచ్చినవాళ్ళలో చాలామందికి జరుగుతుందట. నేనూ ఇంగ్లిష్ మానేసి తెలుగులోనే మాట్లాడేదాన్ని, పెద్ద తేడా ఏం రాలేదు. మా పాపకి తెలుగులో వద్దు, ఆకలి, ఈ రెండే వచ్చు. నాకు ఎనభై ఏళ్ళొచ్చి ఇంగ్లిష్ పోతే... సరే, ఈ ముక్క ఎడిటింగ్‌లో తీసేద్దామనుకున్నా, ఉండనీ.

చర్చిలో యాయా పేరున కోలివా ఇచ్చారు. ఉడికించిన గోధుమల్లో చక్కెర, దానిమ్మ గింజలు, బాదం, దాల్చినచెక్క. చిన్న చిన్న కవర్లలో కట్టి, బయటికొస్తుంటే చేతిలో పెడతారు. అమ్మకి వీడియో కాల్‌లో చూపిస్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "గోధుమలు ఎంతసేపు నానబెట్టిన్రట?" అంది.

పక్కింటి గేటుకి అమ్మకం బోర్డు కొట్టేశారు. మిలియన్ డాలర్లు దాటుతుందంటున్నారు, అంటే 6 కోట్లు. కొన్నవాళ్ళు ముందు పెరడంతా కాంక్రీట్ చేయిస్తారని మా ఆయన అంటున్నాడు. అప్పటిదాకా కోసుకోమని మనవడు గేటు తాళం ఇచ్చి వెళ్ళాడు.

ఆకుకూరల రేట్లు అడిగారు కదా, ఇందాక బిల్లులు మళ్ళీ వెతికా. నాలుగేళ్ళలో తోటకూర కొన్న బిల్లు ఒక్కటే ఉంది.