జెల్ చర్మానికి అంటకూడదు

శ్రోతలకు నమస్కారం.

ఒడియావాళ్ల రజ పండగ దగ్గర పడితే మన బరంపురం బడబజారు పార్లర్లలో ఊపిరి సలపదు. ఒడియా అమ్మాయిలు కాళ్లకు అళతా, అదే ఎర్ర పారాణి, పెట్టుకుంటారు. తర్వాత ఆషాఢం రాగానే మన తెలుగు ఇళ్లలో గోరింటాకు రుబ్బుతారు. ఇప్పుడు ఇరువైపుల పిల్లలూ గోళ్లకు జెల్ పాలిష్ కూడా కావాలంటున్నారు. పర్లాకిమిడి, రాయగడ వైపూ ఇదే వరస. వేసుకోనివ్వండి, ముచ్చటే. నా దిగులంతా ఆ గోళ్లు దిద్దే అమ్మాయి గురించి. మనం గంటసేపు కూర్చుని లేచి వచ్చేస్తాం. ఆమె పొద్దుపోయేదాకా ఆ గదిలోనే ఉంటుంది.

జెల్ సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. మామూలు పాలిష్‌లో ద్రావకం ఆవిరైపోయి రంగు ఆరుతుంది. జెల్ అలా ఆరదు. అందులో ఆక్రిలేట్లనే రసాయనాలుంటాయి. దానికోసం పెట్టే అతినీలలోహిత ల్యాంపు వెలుతురు పడితే అవి ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడతాయి. చిక్కంతా గట్టిపడకముందే. పచ్చి జెల్, అందులోనూ హెమా అనే రసాయనం, చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ పట్టుకోవచ్చు. మొదట్లో ఏమీ తెలియదు. కొన్ని నెలలకో, ఏళ్లకో వేళ్ల కొసలు దురద పెట్టి ఎర్రబడతాయి, పగులుతాయి, గోరు కింద చర్మం నుంచి ఊడి లేస్తుంది. ఆ వేళ్లతోనే ముఖం ముట్టుకుంటాం కాబట్టి కనురెప్పలూ వాస్తాయి. ఆ అలర్జీ వచ్చిందంటే మామూలుగా జీవితాంతం పోదు. ఐరోపా సమాఖ్య 2020లోనే హెమా ఉన్న గోళ్ల సరుకు ఆ పని వృత్తిగా చేసేవాళ్లే వాడాలని నిబంధన పెట్టింది. జెల్ గట్టిపడటానికి కలిపే టీపీఓ అనే మరో రసాయనాన్ని 2025 సెప్టెంబరు 1 నుంచి సౌందర్య సాధనాల్లో పూర్తిగా నిషేధించింది.

అందుకే పార్లర్ అమ్మాయిలకు నా మాట: జెల్‌కీ చర్మానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదిలి వెయ్యండి. పక్కకు అంటితే ల్యాంపు కింద పెట్టకముందే సన్నని పుల్లకు దూది చుట్టి తుడిచెయ్యండి. ఒక కంపెనీ జెల్‌కి ఇంకో కంపెనీ ల్యాంపు పెడితే పైన గట్టిపడి అడుగున పచ్చిగా మిగిలిపోవచ్చు. ఇంట్లో వేసుకోవడానికి ఆన్‌లైన్‌లో కిట్లు తెప్పించుకునే పిల్లలు దీన్ని మరీ గుర్తు పెట్టుకోవాలి. గ్లవుజులు నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి వాడండి. వాటిలోంచి కూడా జెల్ కొన్ని నిమిషాల్లోనే లోపలికి దిగుతుంది, అంటిన వెంటనే మార్చండి.

ఇక గాలి. గుడ్డ మాస్కు ఈ రసాయనాల ఆవిరిని ఆపదు. ఎన్95 అయితే ఆకురాయితో రుద్దినప్పుడు లేచే పొడిని ఆపుతుంది గానీ ఆవిరిని అదీ ఆపలేదు. సీలింగ్ ఫ్యాను ఆ గాలినే గదంతా తిప్పుతుంది. కావలసింది గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను, తెరిచిన కిటికీ. కొన్ని పాలిష్‌లలో ఉండే టోలుయిన్ అనే ద్రావకం తలనొప్పి, తలతిప్పు తెస్తుంది. గర్భిణులు దానికి దూరంగా ఉండాలి. గోరు గట్టిపరిచే కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దాన్ని మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదిగా తేల్చింది.

రిమూవర్‌లోని అసిటోన్ ఆవిరి గాలికంటే బరువు. నేలబారుగా పాకుతుంది, దూరంగా ఉన్న నిప్పుకీ అంటుకోగలదు. షాపు తెరవగానే దేవుడి పటం ముందు దీపం, అగరొత్తి వెలిగిస్తాం కదా. ఆ దీపం కొండెక్కాకే సీసా మూత తియ్యండి తల్లీ. తడిసిన దూదిని మూత ఉన్న డబ్బాలోనే వెయ్యండి.

కొనేవాళ్లు సీసా తిప్పి చూడండి. మన దేశంలో 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, గడువు తేదీ లేబుల్ మీద ఉండాలి. అవి లేని చవక సీసా వద్దనండి.

వేళ్లు పగులుతున్నాయంటే పని ఆపి చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి, ఆ సీసా కూడా పట్టుకెళ్లండి. జెల్ పడదని తేలితే పళ్ల డాక్టరుకీ ముందే చెప్పాలి. పన్నుకు పెట్టే కొన్ని ఫిల్లింగుల్లో, మోకీలు మార్చేటప్పుడు వాడే ఎముక సిమెంట్లో, చక్కెర కొలిచే కొన్ని సెన్సార్ల జిగురులో కూడా ఈ ఆక్రిలేట్ల జాతివే ఉంటాయి.

నమస్కారం.