వనపర్తిలో ఉండి పీనట్ బటర్ కొనాలా? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్తే. విదేశీ వంటలు మన ఇంట్లో ఎట్లా చేసుకోవాలో హోంసైన్స్ లెక్చరర్ మేడమ్ చెప్తారు. దేవరకొండ నుంచి ఫోన్. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే మేడమ్. పిల్లలు ఫోన్‌లో చూసి టాకోలు కావాలని ఒకటే గోల. మా అత్తమ్మకేమో జొన్న రొట్టె లేనిదే ముద్ద దిగదు. రెండు వంటలు నాతోటి కాదు.

లెక్చరర్: రెండెందుకమ్మా? టాకో అంటే మెక్సికో వాళ్ళు మక్క రొట్టెలో కూర పెట్టి మడుచుకు తినడమే. అత్తమ్మకు పెద్ద రొట్టె, పిల్లలకు అరచేయంత రొట్టెలు కొట్టండి.

కాలర్: మడిస్తే విరుగుతది కద మేడమ్?

లెక్చరర్: విరుగుతుంది. జొన్నలో గోధుమకుండే గ్లూటెన్ జిగురు లేదు. మెక్సికోలో మక్కలను సున్నపు నీళ్ళలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు. అందుకే ఆ పిండి పట్టు పడుతుంది. మనకు మసిలే నీళ్ళే దిక్కు. నీళ్ళు తెర్లాక పిండి పోసి, మూత పెట్టి, చేయి పట్టే వేడికి వచ్చాక గట్టిగా పిసకండి. కాల్చిన రొట్టెలను బట్టలో చుట్టి పెడితే ఆవిరికి మెత్తబడతాయి. వేడి మీదే మడవాలి, చల్లారితే మీరన్నట్టే విరుగుతాయి. లోపల ఉడికించిన అలసందలు, జీలకర్ర, కారం. పైన పచ్చి ఉల్లిగడ్డ, టమాట, కొత్తిమీర. మీ జిల్లాలోనే నకిరేకల్ నిమ్మకాయలుండగా సాస్ సీసాలెందుకు?

యాంకర్: వనపర్తి నుంచి మరో కాలర్.

కాలర్: మేడమ్, రూంలో ఉండి చదువుకుంటున్న. సాటే సాస్ చేద్దామంటే పీనట్ బటర్ డబ్బా రేటు చూసి ఆగిపోయిన.

లెక్చరర్: వనపర్తిలో ఉండి పీనట్ బటర్ కొంటావా బాబూ, పల్లి రైతులు నవ్వుతారు! సాటే అంటే ఇండోనేషియాలో పుల్లలకు గుచ్చి కాల్చిన మాంసం, పక్కన పల్లీల సాస్. కప్పు పల్లీలు దోరగా వేయించి పొట్టు తీసేయి. నాలుగు ఎండుమిర్చి, రెండు ఎల్లిపాయ రెబ్బలు, కొంచెం చింతపండు, చెంచా బెల్లం, ఉప్పు వేసి నూరు. కొబ్బరి పాలుంటే అరకప్పు, లేకుంటే ఉడుకు నీళ్ళు పోసి, సన్న మంట మీద నూనె తేలేదాకా కలుపు. పోపు మాత్రం పెట్టకు. ఆవాలు, కరివేపాకు పడ్డాయంటే అది ఇడ్లీలోకి పల్లి చట్నీయే.

కాలర్: నూడుల్స్‌లోకి బాగుంటదా?

లెక్చరర్: భేషుగ్గా. నూడుల్స్ ఉడికిన నీళ్ళు ఒక గరిటె పోస్తే సాస్ అతుక్కుంటుంది. చీజు, మయోనైజు కూడా వేస్తానంటే నేను మాత్రం తినను.

యాంకర్: చివరగా మిర్యాలగూడ.

కాలర్: ఫ్రైడ్ రైస్ ఎప్పుడు చేసినా ముద్దయితుంది మేడమ్. ఇంట్ల ఉన్నవి సన్న బియ్యమే.

లెక్చరర్: సన్న బియ్యం చాలు. నీళ్ళు కొంచెం తగ్గించి వండి, పళ్ళెంలో పరిచి ఆవిరి పోనివ్వండి. గంట దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు పెద్ద మంట మీద ఇద్దరికి సరిపోయేంతే వేయించండి. ఎక్కువేస్తే వేగదు, ఉడుకుతుంది. రాత్రంతా బయట ఉంచిన అన్నం మాత్రం వద్దు. అందులో క్రిమి వదిలే విషం వేయించినా పోదు, వాంతులు పట్టుకుంటాయి.

కాలర్: మా ఆయన అట్లనే పెడతడు మేడమ్.

లెక్చరర్: అయితే ఫోన్ ఆయనకివ్వండి.